నడిచిన చోటే నమోదు

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక వస్తువు పనిచేస్తుందని చెప్పడం తేలిక. ఎక్కడ పనిచేసింది, ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అని అడిగితే సమాధానం చెప్పడం కష్టం. వివిధ దేశాల సాంకేతికులు ఉమ్మడిగా నిర్మించుకున్న ఒక డేటాబేస్‌కు, దాని ప్రతి విడుదల సమయంలోనూ, ఈ ప్రశ్నలకు సమాధానంగా ఒక పట్టిక తయారవుతూ వచ్చింది. ఆ పట్టిక పుట్టుకనూ, అది పొందిన మార్పులనూ విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

గోదావరి డెల్టాలో వరి పండించే కుటుంబాలకు మార్టేరు పేరు కొత్త కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఈ గ్రామంలో 1925లో వరి పరిశోధన స్థానం ఏర్పడింది. 1982లో అక్కడి నుండి వెలువడిన ఎం.టి.యు. 7029 రకం 'స్వర్ణ' అన్న పేరుతో డెల్టా ఎల్లలు దాటి ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్ పొలాలకు చేరింది. అంతటి ఖ్యాతి గడించిన విత్తనాన్ని గూర్చి కూడా, ఇది అన్ని నేలలకూ అన్ని కాలాలకూ తగినదని పరిశోధకులు చెప్పలేదు. సుమారు 150 రోజుల పంటకాలం గల స్వర్ణ సార్వాకు అనువైనది. దాళ్వాకు అంతకన్న త్వరగా కోతకు వచ్చే రకం కావాలి. దాదాపు 120 రోజులలో పండే ఎం.టి.యు. 1010, అనగా కాటన్‌దొర సన్నాలు, ఆ కొరత తీర్చింది. వరదనీటిలో రోజుల తరబడి మునిగే చేలలో స్వర్ణ నిలువలేదు. ముంపును తట్టుకొనే గుణాన్ని జోడించిన 'స్వర్ణ సబ్-1' మన దేశంలో 2009లో విడుదలైంది. ఏ రకం ఏ ప్రాంతానికి తగునో తేల్చడానికి 1965లో హైదరాబాదు కేంద్రంగా అఖిల భారత సమన్విత వరి అభివృద్ధి పథకం ఆరంభమైంది. ఒకే విత్తనాన్ని అనేక రాష్ట్రాల పరిశోధన స్థానాలలో విత్తుతారు. ప్రతి చోటి నుండి ఫలితాన్ని తెప్పించి, అన్నింటినీ ఒకచోట చేర్చి పరిశీలిస్తారు.

కంప్యూటరు సాఫ్ట్‌వేరుకు కూడా ఇటువంటి పరీక్ష తప్పదు. ఇక్కడ నేల స్థానంలో ఉండేది ప్లాట్‌ఫారం. ఈ మాట వినగానే మనకు రాజమండ్రి రైల్వేస్టేషను గుర్తుకు రావడం సహజం. కాని సాంకేతికుల వాడుకలో ప్లాట్‌ఫారం అంటే ఒక ప్రాసెసరు, దానిపై నడిచే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ - ఈ రెండింటి జంట. ఇంటెల్ ప్రాసెసరుపై లినక్స్ ఒక ప్లాట్‌ఫారం. అదే ప్రాసెసరుపై విండోస్ మరొకటి. వేరొక ప్రాసెసరుపై లినక్స్ ఇంకొకటి. ఈ పాఠంలో దీనిని 'వేదిక' అని వ్యవహరిద్దాం.

మనం పరిశీలించబోయే డేటాబేస్ పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. వాడుకలో పోస్ట్‌గ్రెస్ అంటారు. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్య మైఖేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో 1986లో దీని నిర్మాణం మొదలైంది. విశ్వవిద్యాలయం తన పరిశోధనను ముగించిన పిదప, ఆండ్రూ యు, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు దానికి ఎస్‌క్యూఎల్ భాషను అర్థం చేసుకొనే శక్తిని చేకూర్చారు. 1996లో అది ప్రస్తుత నామాన్ని ధరించి, వివిధ దేశాలలోని స్వచ్ఛంద సాంకేతికుల చేతులలోకి వచ్చింది. దాని మూలసంకేతాన్ని, అనగా మనుషులు రాసిన అసలు ప్రోగ్రామును, ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు. ఇటువంటి సాఫ్ట్‌వేరును ఓపెన్ సోర్స్ అంటారు.

స్వేచ్ఛ వెంటనే ఒక చిక్కు కూడా వచ్చింది. డేటాబేస్‌ను అమ్మే వ్యాపార సంస్థ తాను ఏయే యంత్రాలకు అమ్మదలచిందో ముందే నిర్ణయించుకుంటుంది. ఆ యంత్రాలను కొని, తన ప్రయోగశాలలో పరీక్షించి, మిగిలినవాటి సంగతి పట్టించుకోదు. పోస్ట్‌గ్రెస్‌ను నిర్మించినవారికి అటువంటి ఉమ్మడి ప్రయోగశాల లేదు. ఎవరి ఇంట, ఎవరి కార్యాలయంలో ఏ యంత్రం ఉంటే అదే వారి ప్రయోగశాల. కాని మూలసంకేతాన్ని తెచ్చుకొనేవారు ఏ యంత్రంపైనైనా నిర్మించుకోవడానికి పూనుకుంటారు. కాబట్టి ఒక విడుదల ఏయే వేదికలపై నడుస్తుందన్న ప్రశ్నకు ఆ వేదికలు గల వాడుకరులే సమాధానం చెప్పవలసి వచ్చింది.

ఒకే ప్రోగ్రాము ఒకచోట నడిచి మరొకచోట ఎందుకు తడబడుతుంది? కారణాలు పెక్కు. వాటిలో మొదటిది సంఖ్యలను దాచే తీరు. మన ప్రాచీనులు సంఖ్యలను మాటలలో చెప్పేటప్పుడు 'అంకానాం వామతో గతిః' అన్న నియమం పాటించారు. చివరి అంకెను ముందు చెప్పి ఎడమకు నడిచేవారు. నేటి వ్యవహారంలో మొదటి అంకెను ముందు చెబుతాము. ఈ తేడా తెలియనివాడు శాసనంలోని శకవత్సరాన్ని తలకిందులుగా చదువుతాడు. ప్రాసెసర్లలోనూ సరిగా ఇవే రెండు సంప్రదాయాలున్నాయి. కొన్ని పెద్ద సంఖ్యలోని చిన్న భాగాన్ని ముందు ఉంచుతాయి, మరికొన్ని పెద్ద భాగాన్ని ముందు ఉంచుతాయి. ఒకే తీరుకు అలవాటుపడి రాసిన ప్రోగ్రాము రెండవ జాతి యంత్రంపై అర్థంలేని సంఖ్యలను చదువుతుంది.

రెండవది తాళాల సమస్య. ఒకే ఖాతాను ఒకే క్షణంలో ఇద్దరు మార్చబోయినప్పుడు, ఒకరి పని పూర్తయ్యేవరకు రెండవవారిని నిలిపి ఉంచాలి. ఇందుకు డేటాబేస్ ప్రాసెసరు అందించే ఒక ప్రత్యేకమైన ఆదేశాన్ని వాడుకుంటుంది. ఆ ఆదేశం ప్రతి ప్రాసెసరు జాతికీ వేరు. 7.3 విడుదల (2002) నాటి పట్టికలో ప్లేస్టేషన్ 2 అనే ఆటల యంత్రంపై లినక్స్‌తో పోస్ట్‌గ్రెస్ నడిచినట్లు ఒక వరుస ఉంది. పిల్లలు ఆడుకొనే పెట్టెలో డేటాబేస్ ఎందుకని మనం నవ్వవచ్చు. కాని ఆ వరుస చివర ఒక ఉపయోగకరమైన సూచన ఉంది. ఈ తాళపు ఆదేశానికి సంబంధించిన నిర్వచనాన్ని తొలగించి నిర్మించుకోవాలని అందులో చెప్పారు. ఆ యంత్రం ముందు కూర్చుని ప్రయత్నించినవారికి తప్ప అటువంటి సూచన తోచదు.

ఇక పరీక్షించడం ఎలా? పోస్ట్‌గ్రెస్ మూలసంకేతంతో పాటు ఒక ప్రశ్నపత్రమూ దాని జవాబులూ కలిసే వస్తాయి. డేటాబేస్‌ను నిర్మించిన తరువాత ఒక ఆదేశం ఇస్తే, అది ఆ ప్రశ్నలన్నింటికీ జవాబులు రాసి, ముందే సిద్ధంగా ఉన్న జవాబులతో అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. తేడా కనిపించిన ప్రతి చోటా పరీక్ష తప్పినట్లు తెలియజేస్తుంది. ఇక్కడ వాడుకరికి కొంత వివేచన అవసరం. తప్పిన ప్రతి పరీక్షా డేటాబేస్‌లోని దోషం కాదు. కోణాలూ వృత్తాలూ లెక్కించే పరీక్షలలో దశాంశ స్థానాల చివరి అంకె ఒక యంత్రంపై ఒకలా, మరొక యంత్రంపై మరోలా వస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే దోషసూచనల మాటలు వేరుగా ఉండవచ్చు. ఆ కాలపు పరీక్షలలో ఒకటి యాదృచ్ఛిక సంఖ్యలకు సంబంధించినది. అది అప్పుడప్పుడు తప్పుతుందని నిర్మాతలే ముందుగా హెచ్చరించారు.

కాలమానానికి సంబంధించిన పరీక్ష ఇంకా విచిత్రమైనది. పరీక్షలను ఏ దేశంలో నడిపినా, అవి కాలిఫోర్నియా గడియారాన్ని పెట్టుకొని నడిచేవి. అమెరికాలో ఏటా రెండుసార్లు గడియారాలను ఒక గంట ముందుకో వెనుకకో జరుపుతారు. ఆ దినాలలో నిన్నటికీ నేటికీ మధ్య సరిగ్గా 24 గంటలు ఉండవు కనుక కొన్ని జవాబులు తప్పేవి. గడియారం జరిపే అలవాటే లేని మన దేశంలో, రాజమండ్రిలో కూర్చుని ఆ రోజున పరీక్ష నడిపినవారికి కూడా అదే ఫలితం వచ్చేది. అది చూసి తన యంత్రం చెడిపోయిందనుకోవడం తొందరపాటు. ఫలానా పరీక్ష తప్పింది, కారణం ఇది అని రాయగలిగినవారిదే నిజమైన నివేదిక.

ప్రతి విడుదలకు కొన్ని వారాల ముందు అభివృద్ధి బృందం వాడుకరులకు పిలుపునిచ్చేది. మీ యంత్రంపై నిర్మించి చూడండి, పరీక్షలు నడపండి, ఫలితం తెలపండి అని కోరేది. వచ్చిన నివేదికలను విడుదలతో పాటు ఇచ్చే గ్రంథంలో పట్టికగా చేర్చేవారు. 2001 ఏప్రిల్‌లో వెలువడిన 7.1 విడుదల పట్టిక ఇందుకు మంచి ఉదాహరణ. ఆపరేటింగ్ సిస్టమ్, ప్రాసెసరు, పోస్ట్‌గ్రెస్ సంఖ్య, నివేదించిన తేదీ - వ్యక్తి, విశేషాలు అని దానికి అయిదు నిలువు గళ్లు. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, సొలారిస్, ఏఐఎక్స్, హెచ్‌పీ-యూఎక్స్ మొదలుకొని 1977లో విపణికి వచ్చిన వాక్స్ జాతి ప్రాసెసరు వరకు అందులో చోటు చేసుకున్నాయి.

నాలుగవ గడిని గమనించండి. 'పనిచేయును' అని ఊరకే రాయలేదు. చూసిన మనిషి పేరు, చూసిన తేదీ రాశారు. పొలం గట్టుమీద సాక్షి సంతకం వంటిది ఆ గడి. పేరు ఉన్నందువలన సందేహం వచ్చినప్పుడు అడగడానికి ఒక మనిషి దొరుకుతాడు. తేదీ ఉన్నందువలన ఆ మాట ఏనాటిదో తెలుస్తుంది.

ఆ పట్టిక క్రిందనే మరొక చిన్న పట్టిక ఉండేది. నా దృష్టిలో అదే ఎక్కువ గౌరవించదగినది. నడవవని తెలిసిన వేదికలు, పూర్వపు విడుదలలో నడిచినా ఈసారి ఎవరూ పరీక్షించి చెప్పని వేదికలు అందులో చేరేవి. నెక్స్ట్, అల్ట్రిక్స్ వంటివి అలా దిగివచ్చినవే. వాటిపై ఎవరైనా కొంత శ్రద్ధ పెడితే మరల నడిపించవచ్చునని కూడా అక్కడ సూచించారు. మన సాధారణ వ్యవహారంలో ఎవరూ ఫిర్యాదు చేయకపోతే అంతా సవ్యంగా ఉన్నదని భావిస్తాము. ఈ పట్టికను కూర్చినవారు అందుకు విరుద్ధంగా ఆలోచించారు. నివేదిక రాలేదంటే రెండు అర్థాలుండవచ్చు. అంతా బాగానే ఉండి ఎవరూ చెప్పకపోవచ్చు, లేదా ఆ యంత్రం వాడేవారే లేకపోవచ్చు. ఈ రెండింటిలో ఏది నిజమో తెలియనప్పుడు మౌనాన్ని అంగీకారంగా తీసుకోరాదు. ఒక వేదిక పేరును క్రింది పట్టికలోకి దించడం చిన్నతనం అనుకోకుండా, అలా దించి చూపడమే నిజాయితీగా వారు ఎంచారు.

విండోస్ సంగతి కూడా చెప్పుకోవాలి. మన కళాశాలల కంప్యూటరు గదులలో విండోస్ యంత్రాలే అధికంగా ఉన్న ఆ రోజులలో, ఆ పట్టికలో విండోస్‌కు ఉన్న చోటు అరకొర. సిగ్విన్ అనే మధ్యవర్తి పొర సాయంతోనే పోస్ట్‌గ్రెస్ దానిపై నడిచేది. ఆ పొర అవసరం లేకుండా నేరుగా నడవడం 2005 జనవరిలో వచ్చిన 8.0 విడుదలతో సాధ్యమైంది.

నివేదిక ఎలా ఉండాలో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. 2002 చివర ఏలూరులోని ఒక విద్యార్థి ఫలితాన్ని పంపుతున్నాడనుకుందాం. 'మా యంత్రంపై బాగా నడుస్తున్నది, కృతజ్ఞతలు' అని రాస్తే అందులో మర్యాద ఉంది గాని సమాచారం లేదు. 'పోస్ట్‌గ్రెస్ 7.3. రెడ్‌హ్యాట్ లినక్స్ 8.0. పెంటియం 4 ప్రాసెసరు. కంపైలరు జీసీసీ 3.2. పరీక్షలన్నీ నెగ్గాయి' అని రాస్తే అది పట్టికలో ఒక వరుస కాగలదు. మొదటిదానిలో ఉత్సాహం, రెండవదానిలో ఉపయోగం. రెండవది రాయడానికి గొప్ప విద్య అక్కరలేదు. తన ముందున్న యంత్రం ఏమిటో తెలుసుకొనే ఓపిక చాలు.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. పిలుపు ఏడాదికొకసారి వస్తుంది. ఆ ఏడాది పొడవునా మూలసంకేతం దినదినమూ మారుతూనే ఉంటుంది. మార్చి నెలలో చేసిన మార్పు వలన ఒక వేదిక కుంటుపడితే, ఆ సంగతి విడుదలకు ముందు గాని బయటపడదు. అప్పటికి ఆ మార్పు చేసినవారే దానిని మరచిపోయి ఉంటారు. ఈ కొరతను తీర్చడానికి 2004లో ఆండ్రూ డన్‌స్టన్ అనే సాంకేతికుడు 'బిల్డ్ ఫామ్' అనే ఏర్పాటును రూపొందించాడు. స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి యంత్రాలలో ఒక చిన్న ప్రోగ్రాము ఉంటుంది. అది తాజా మూలసంకేతాన్ని తెచ్చుకొని, నిర్మించి, పరీక్షలు నడిపి, ఫలితాన్ని కేంద్రానికి తనంత తానే పంపుతుంది. ఏ దశలో విఫలమైందో కూడా అందులో ఉంటుంది. పేరులోనే ఫామ్ ఉన్నందుకు కాబోలు, ఆ మందలోని ప్రతి యంత్రానికీ ఒక జంతువు పేరు పెడతారు. ఈ రోజు ఏ జంతువు నలతగా ఉన్నదో ఎవరైనా చూడవచ్చు.

దీనితో పట్టిక స్వభావమే మారింది. ఏటా పుస్తకంలో అచ్చయ్యే సాక్ష్యం స్థానంలో నిత్యం వచ్చే సాక్ష్యం నిలిచింది. నేడు ఒక వేదికను మద్దతు గలదిగా పరిగణించాలంటే రెండు నియమాలు నెరవేరాలి. ఆ వేదికకు కావలసిన ఏర్పాట్లు మూలసంకేతంలో ఉండాలి. అది నిర్మాణమై పరీక్షలు నెగ్గినట్లు ఇటీవల ధ్రువపడి ఉండాలి. ఈ 'ఇటీవల' అన్న చిన్న మాటలోనే బరువంతా ఉంది.

ఆ బరువును భరించలేకపోయిన వేదికలలో హెచ్‌పీ-యూఎక్స్ ఒకటి. 7.1 పట్టికలో సగర్వంగా నిలిచిన ఆపరేటింగ్ సిస్టమ్ ఇది. కాలక్రమంలో అది నడిచే యంత్రాల తయారీ ఆగిపోయింది. బిల్డ్ ఫామ్‌లో దానిని పరీక్షించే యంత్రాలూ విరమించాయి. 2023లో వచ్చిన 16వ విడుదలలో దాని మద్దతును తొలగించారు. మరుసటి సంవత్సరం 17వ విడుదలలో ఏఐఎక్స్‌కు కూడా అదే జరిగింది. మద్దతు అన్న పదం మనలను కొంత భ్రమింపజేస్తుంది. అది ఎవరో మనకు ఇచ్చిన వాగ్దానం వలె వినిపిస్తుంది. నిజానికి ఎక్కడో ఒకరు తమ సొంత విద్యుత్తు ఖర్చుతో ఒక యంత్రాన్ని నడుపుతూ ఉన్నంతకాలమే అది ఉంటుంది.

వేదిక మారితే మన పల్లెలోని సామాన్యునికి ఏమి నష్టం? 2015 మార్చిలో భారత ప్రభుత్వం తన కార్యాలయాలలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుకు ప్రాధాన్యమిచ్చే విధానాన్ని ప్రకటించింది. ఇటువంటి డేటాబేసులు ప్రజల పేర్లతో ముడిపడినప్పుడు ప్రమాదం ఎలా వస్తుందో 2018లో ఒక సంఘటన చూపింది. లినక్స్‌లో అక్షరక్రమాన్ని నిర్ణయించే భాగం పేరు జీలిబ్‌సీ. దాని 2.28 రూపంలో అక్షరక్రమపు నియమాలను పెద్దయెత్తున సవరించారు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క అక్షరం మారలేదు. కాని డేటాబేస్ పేర్లను త్వరగా వెదకడానికి అకారాది సూచిక కట్టుకుంటుంది. ఆ సూచిక పాత క్రమంలో ఉండి, వెదికే పద్ధతి కొత్త క్రమంలో ఉంటే, సూచికలో ఉన్న పేరు కూడా దొరకకపోవచ్చు.

నిఘంటువును ఒక క్రమంలో అచ్చువేసి, మరొక క్రమం నేర్చినవాని చేతికిచ్చినట్లు ఊహించుకోండి. మనం పలకపై దిద్దిన వర్ణమాలలో 'ళ' అక్షరం 'హ' తరువాత వస్తుంది. కంప్యూటర్లు వాడే యూనికోడ్ సంఖ్యల వరుసలో అది 'ల'కూ 'వ'కూ మధ్య ఉంటుంది. 'గోళం' అన్న మాట 'గోవు'కు ముందు వస్తుందా, వెనుక వస్తుందా? రెండింటిలో ఏ క్రమమైనా పాటించవచ్చు. కట్టినవాడూ వెదికేవాడూ వేరువేరు క్రమాలు పాటించినప్పుడే ముప్పు. పింఛనుదారుల జాబితాలో ఒక వృద్ధురాలి పేరు ఉండి, యంత్రం 'లేదు' అని చెబితే, ఆమె ఎవరితో వాదించగలదు? యంత్రం ఆగిపోతే అందరికీ తెలుస్తుంది. యంత్రం నడుస్తూనే తప్పు చెబితే ఎవరికీ తెలియదు.

పోస్ట్‌గ్రెస్ ఆపరేటింగ్ సిస్టమ్ నుండి తీసుకున్న అక్షరక్రమం ఏ రూపానికి చెందినదో తరువాతి విడుదలలలో నమోదు చేసుకొని, అది మారినప్పుడు హెచ్చరించసాగింది. 2024లోని 17వ విడుదలలో ఆపరేటింగ్ సిస్టమ్‌పై ఆధారపడని అక్షరక్రమాన్ని తనలోనే చేర్చుకుంది. ఆ క్రమం యూనికోడ్ సంఖ్యల వరుసే కనుక, అందులో 'గోళం' ముందు, 'గోవు' తరువాత వస్తాయి. పలక మీది క్రమమే కావాలనుకొనే కార్యాలయం వేరొక అక్షరక్రమాన్ని ఎంచుకొని, ఆపరేటింగ్ సిస్టమ్ మార్చిన ప్రతిసారీ సూచికలను తిరిగి కట్టుకొని, తెలుగు పేర్లతో పరీక్షించి చూసుకోవలసి ఉంటుంది.

అభ్యాసం

1. మౌనాన్ని అంగీకారంగా తీసుకోరాదని పట్టిక కూర్చినవారు ఎందుకు భావించారు? వివరించండి.
2. బిల్డ్ ఫామ్ రాకతో వేదికల పట్టిక స్వభావం ఎలా మారింది?
3. తప్పిన ప్రతి పరీక్షా డేటాబేస్‌లోని దోషం కాదని రెండు ఉదాహరణలతో నిరూపించండి.
4. మీ కళాశాలలోని ఒక కంప్యూటరును పరిశీలించి, దాని ప్రాసెసరు, ఆపరేటింగ్ సిస్టమ్ వివరాలతో, ఏదైనా ఒక సాఫ్ట్‌వేరు పనితీరుపై అయిదు వాక్యాల నివేదిక రాయండి.
5. మీ తరగతి విద్యార్థుల పేర్లను వర్ణమాల క్రమంలోనూ, కంప్యూటరు అమర్చిన క్రమంలోనూ రాసి, తేడాలను గుర్తించండి.